దిగిన మొదటి నెల లెక్క

ప్రశ్న: మాది గాజువాక. మెకానికల్ బీటెక్, 68 శాతం. పరవాడలో 22 వేల ఉద్యోగం ఉంది. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు బెర్లిన్ ప్రైవేటు యూనివర్సిటీలో సీటు ఖాయం అంటున్నారు. మొత్తం 30 లక్షల లోను అవుతుంది. నాన్నగారు వచ్చే ఏడాది రిటైరవుతారు. జర్మనీ వెళ్ళమంటారా, వద్దంటారా?

తమ్ముడూ, నీ ప్రశ్నలో జర్మనీ పేరు ఒక్కసారే వచ్చింది, మిగతాదంతా డబ్బే. నేనూ డబ్బు గురించే చెప్తాను. వీసా రూల్సు, కాగితాల జాబితా కాన్సులేట్ సైటులో ఉంటాయి, నీ అంతట నువ్వు చదువుకో. ఆ మాత్రం చదవలేకపోతే నేనుండే ఈ జర్మనీకొచ్చి ఇక్కడి ఆఫీసుల ఉత్తరాలు ఏం చదువుతావు?

ముందు ఆ ఖాయమైన సీటు సంగతి. ఇక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజే లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మన దేశం వాళ్ళకి సెమిస్టరుకి 1,500 యూరోలుంది, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 నుంచి ఫీజు పెట్టింది. మిగతా చోట్ల కట్టేది సెమిస్టర్ కంట్రిబ్యూషన్ అనే చిన్న మొత్తం. ప్రభుత్వ యూనివర్సిటీలో చేరితే కన్సల్టెన్సీకి కమిషన్ రాదు, ప్రైవేటులో చేరిస్తే వస్తుంది. వాళ్ళ దగ్గర సీటు ఎప్పుడూ ఖాయంగా ఉండేది అందుకే.

నీ మార్కుల్ని ఇక్కడి లెక్కలోకి నువ్వే మార్చుకోవచ్చు. వందలోంచి నీ శాతం తీసెయ్. వచ్చినదాన్ని, వందకీ పాస్ మార్కుకీ ఉన్న తేడాతో భాగించు. దాన్ని మూడుతో గుణించి ఒకటి కలుపు. పాస్ మార్కు 40 అయితే నీ 68 శాతానికి 32ని 60తో భాగించాలి. చివరికి 2.6 వస్తుంది. ఇక్కడ అంకె ఎంత తక్కువైతే అంత గొప్ప. చాలా కోర్సులు 2.5 దగ్గర గీత గీస్తాయి, అంటే మన లెక్కలో 70 శాతం. రెండు శాతం తేడాకి 30 లక్షల ప్రైవేటు సీటులోకి దూకనక్కర్లేదు. హోఖ్‌షూలె అని పిలిచే అప్లయిడ్ సైన్సెస్ కాలేజీల్లో గీత లేని కోర్సులూ దొరుకుతాయి, మెకానికల్ వాళ్ళకి అవే ఎక్కువ పనికొస్తాయి. చాలా యూనివర్సిటీల తరఫున విదేశీయుల దరఖాస్తులు చూసే యూని-అసిస్ట్ అనే సంస్థ ద్వారా పంపితే మొదటి దరఖాస్తుకి 75 యూరోలు, ఆపైన ఒక్కోదానికి 30. నీ చదువు కాగితాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కి 18,000 రూపాయలు. అది చేతికి రావడానికి వారాలు పడుతుంది, కాబట్టి ముందు దానికి పెట్టు.

ఇప్పుడు 30 లక్షలు. పదకొండు శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 3.3 లక్షలు, నెలకి 27,500. కోర్సు రెండేళ్ళు, ఆపైన మరో ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదంటారు. కట్టనక్కర్లేదంటే వడ్డీ ఆగిందని కాదు. మొత్తం ఒకేసారి తీసుకుంటే మూడేళ్ళకి 9.9 లక్షల వడ్డీ అసలులో కలుస్తుంది. పదేళ్ళ వాయిదాకి నెలకి 41 వేలు కావలసింది 55 వేలవుతుంది. విడతలుగా తీసుకుంటే కాస్త తగ్గుతుంది. ఇక్కడ ఉద్యోగం దొరికితే 55 వేలు లెక్కలోది కాదు. దొరక్కపోతే కట్టేది ఎవరు, మీ నాన్నగారి పెన్షనా? ప్రభుత్వ బ్యాంకుల్లో ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతారు. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, లేఅవుట్ అప్రూవల్ చూస్తారు. గాజువాక ఇంటి కాగితాలు ఇచ్చేముందు ఆ ఇల్లు అమ్ముడుపోతే అమ్మానాన్నలు ఎక్కడుంటారో ఇంట్లో ఒకసారి పైకి మాట్లాడుకోండి. ఆ మాట ఎవరూ ఎత్తరు.

నా సలహా ప్రభుత్వ కాలేజీ. దానికైతే అసలు ఖర్చు బ్లాక్డ్ అకౌంట్. వీసా కోసం ఏడాది బతుకు ఖర్చు 11,904 యూరోలు ముందే అందులో జమ చెయ్యాలి. యూరో వంద దాటాక అది 12 లక్షల పైమాటే. సొంత డబ్బు పంపితే ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన భాగం మీద బ్యాంకు టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. అది పోయినట్టు కాదు, ఎవరి పాన్ మీద పంపారో వాళ్ళు రిటర్ను వేస్తే తిరిగొస్తుంది. నాన్నగారి చేత రిటర్ను వేయించడం మరిచిపోయేవాళ్ళే ఎక్కువ.

ఆ 11,904 ఉన్నాయి కదా అని ధైర్యంగా విమానం ఎక్కకు. కొత్తలో నేను తప్పు చేసింది సరిగ్గా ఇక్కడే, ఇప్పటికీ సగం మంది చేసేది ఇదే. ఆ డబ్బు నీదే, కానీ నెలకి 992 మాత్రమే వదులుతారు. ఖర్చు మాత్రం మొదటి నెల్లోనే విరగబడుతుంది. చిన్న ఊళ్ళో ఒక గది, కాల్ట్‌మీటె అంటే ఉత్త అద్దె 450, హీటింగు కలిపితే 550 అనుకో. అడ్వాన్సు మూడు నెలల ఉత్త అద్దె దాకా అడగొచ్చు, 1,350. మొదటి నెల అద్దె 550. సెమిస్టర్ డబ్బు 200. ఆరోగ్య బీమా 145. రెసిడెన్స్ పర్మిట్‌కి 100. పరుపు, గిన్నెలు, దుప్పట్లకి 200. తిండికి 200. మొత్తం 2,745. చేతికొచ్చేది 992. మిగతా 1,753 ఎక్కణ్ణుంచి తెస్తావు?

ఆ 992 అయినా దిగిన రోజే రాదు. దాన్ని వేయించుకోడానికి ఇక్కడ మామూలు బ్యాంకు ఖాతా ఉండాలి. చాలా బ్యాంకులు ఖాతాకి అడ్రసు రిజిస్ట్రేషన్ అడుగుతాయి, దాన్నే ఆన్‌మెల్డుంగ్ అంటారు. అది గదిలో దిగిన రెండు వారాల్లో చేయించుకోవాలి, దానికి ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాగితం కావాలి. తాత్కాలికంగా నెల రోజులకి గది ఇచ్చేవాళ్ళు చాలామంది ఆ సంతకం పెట్టరు. సంతకం లేక రిజిస్ట్రేషన్ ఆగుతుంది, రిజిస్ట్రేషన్ లేక బ్యాంకు ఖాతా ఆగుతుంది, 12 లక్షలున్న కుర్రాడు అప్పు చేసి బ్రెడ్డు తింటాడు. గది మాట్లాడేటప్పుడు అద్దె కంటే ముందు అడగాల్సిన ప్రశ్న, రిజిస్ట్రేషన్‌కి సంతకం పెడతారా అని.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. అడ్వాన్సు మూడు సమాన నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు ఇక్కడి చట్టంలోనే ఉంది. పై లెక్కలో మొదటి నెల 1,350 బదులు 450 కడితే చాలు, లోటు 853కి దిగుతుంది. ఓనరు మొహం చిట్లిస్తాడు, చిట్లించనీ. తాళం చేతికి రాకముందు పైసా పంపకు. ఓనరు వేరే దేశంలో ఉన్నాడు, తాళం కొరియర్లో వస్తుంది అని ఎవరైనా అంటే అది దొంగ ప్రకటన. ఏది ఏమైనా బ్లాక్డ్ అకౌంటు కాక విడిగా 2,500 యూరోలైనా పట్టుకునిరా, ఎక్కువభాగం ఫారెక్స్ కార్డులో. నోట్లు మరీ ఎక్కువ తేవద్దు.

బీమాలో పొదుపు చెయ్యకు. నెలకి ముప్పై నలభైకే ప్రైవేటు బీమా ఇస్తామంటారు. దాంతో ప్రభుత్వ బీమా వద్దని ఒకసారి రాసిచ్చావంటే చదువు అయ్యేదాకా మళ్ళీ అందులోకి రానివ్వరు. 30 ఏళ్ళు నిండితే విద్యార్థి రేటు పోతుంది, నీకింకా టైముందిలే.

టీవీ, రేడియో చందా అని నెలకి 18.36 యూరోలుంటుంది. టీవీ లేకపోయినా ఇంటికింత అని కట్టాల్సిందే. అడ్రసు రిజిస్టరైన కొన్నాళ్ళకి జర్మన్లో ఒక తెల్ల కవరు వస్తుంది. ప్రకటన కాగితమనుకుని చెత్తబుట్టలో వేస్తారు మనవాళ్ళు. తొమ్మిది నెలలకి 165 యూరోల బాకీ, దాని మీద జరిమానా. నలుగురు ఒకే ఫ్లాటులో ఉంటే ఒక్కరు కడితే చాలు, మిగతావాళ్ళు ఆయన చందా నంబరు రాసి పంపాలి. ఈ ఒక్క సంగతి చెప్పి ఎంతమందికి డబ్బు మిగిల్చానో.

పార్ట్‌టైం సంపాదనతో లోను తీర్చేస్తానని మాత్రం లెక్క వెయ్యకు. ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చెయ్యొచ్చు. కనీస కూలి 2026 నుంచి గంటకి 13.90. తిండికీ అద్దెకీ సాయపడుతుంది, అంతే. పైగా జర్మన్ రాకపోతే గోడౌన్లో పెట్టెలు మొయ్యడం తప్ప మంచి పని దొరకదు. మెకానికల్ ఉద్యోగానికైతే జర్మన్‌లో బీ2 (ఏ1, ఏ2, బీ1 తర్వాతి స్థాయి) అడిగే కంపెనీలే ఎక్కువ.

అందుకే ఈ ఏడాది రావద్దు, వచ్చే ఏడాది రా. పరవాడ ఉద్యోగం మానకు. 22 వేలల్లో 12 వేలు పక్కన పెడితే ఏడాదికి లక్షా నలభై నాలుగు వేలు. ఏపీఎస్, దరఖాస్తులు, వీసా, టికెట్టు అందులో గడిచిపోతాయి. రోజూ గంటన్నర కూర్చుని జర్మన్ ఏ1 నుంచి బీ1 దాకా లాగు. శీతాకాలం సెమిస్టరుకి చాలాచోట్ల జులై 15 గడువంటారు, కానీ విదేశీయులకి మార్చి, ఏప్రిల్లోనే మూసేసే కోర్సులున్నాయి, ఒక్కోదాని పేజీ తెరిచి తేదీ రాసుకో. లోను 15 లక్షలు దాటనివ్వకు. మూడేళ్ళ వడ్డీ కలిసినా వాయిదా 28 వేల లోపే. విశాఖలోనే ఉద్యోగం చేస్తూ కూడా కిందామీదా పడి తీర్చగలిగేది ఆపాటి అప్పే. తిరుగు టికెట్టు డబ్బు అమ్మ పేరున ఎఫ్‌డీ వేసి రా, దాన్ని దేనికీ ముట్టుకోవద్దని చెప్పు.

సూట్‌కేసులో ఆవకాయ, కారప్పొడి తెచ్చుకో. నెయ్యి, పాలకోవా వద్దు, పాల వస్తువులు ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.

ఒకటి అడగడం మరిచాను. నీ పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి నిండి ఉందా, ఖాళీయా? టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పేరంతా గివెన్ నేమ్‌లో పడితే ఏపీఎస్ దగ్గర మొదలై ఇక్కడి బ్యాంకు దాకా ప్రతిచోటా వేరే మనిషివేమో అని చూస్తారు. ఖాళీగా ఉంటే దరఖాస్తులు పెట్టకముందే మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసుకి వెళ్ళి సరిచేయించుకో. తర్వాత మారిస్తే పాత పేరుతో వచ్చిన కాగితాలన్నీ మళ్ళీ తెచ్చుకోవాలి.