ఈల ఊదేవాడి చేతిలో కప్పు ఉంటుందా?

ప్రశ్న: 2002లో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ లీగ్ కప్పును రిఫరీలే లేకర్స్ జట్టు చేతిలో పెట్టారని అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి వాదన. అలా కుదురుతుందా సార్?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీవాడు చెప్పేది వెస్ట్ ఫైనల్ ఆరో మ్యాచ్ గురించి. అది సెమీఫైనల్ లాంటిది, ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లు కప్పు ఫైనల్‌కు వెళ్తారు. అప్పటికి ప్రత్యర్థి జట్టు శాక్రమెంటో కింగ్స్ 3-2తో ముందుంది. ఆ రోజు లేకర్స్ సొంత గడ్డ మీద, మ్యాచ్ చివరి పావు భాగం ఒక్కదానిలోనే వాళ్లకు 27 ఫ్రీ త్రోలు (ఎదుటివాళ్ల ఫౌల్‌కు రిఫరీ ఇచ్చే అడ్డులేని షాట్లు)! లేకర్స్ ఆటగాడు కోబీ మోచెయ్యి తగిలి కింగ్స్ ఆటగాడు బిబీ ముక్కు నుంచి రక్తం కారినా ఈల మోగలేదు. లేకర్స్ 106-102తో గెలిచింది. నేనూ కుర్రతనంలో ఊరి పోటీలకు ఈల ఊదినవాణ్ణే. సొంత జనం అరుస్తుంటే చెయ్యి తెలియకుండానే అటు లేస్తుంది. దానికి లంచం అక్కర్లేదు.

తర్వాత బెట్టింగ్ కేసులో జైలుకెళ్లిన రిఫరీ డొనాగీ 2008లో ఆ సిరీస్ మీద ఆరోపణ చేశాడు, లీగ్ కొట్టిపారేసింది. అతను ఆ మ్యాచ్‌లో లేడు కూడా.

ఒక మ్యాచ్‌ను తిప్పగలరు, ఒప్పుకుంటాను. కానీ ఏడో మ్యాచ్ కింగ్స్ సొంత గడ్డ మీదే జరిగింది. 30 ఫ్రీ త్రోలు దొరికితే 14 గురి తప్పి, స్కోరు సమమయ్యాక ఆడించిన ఓవర్‌టైమ్‌లో ఓడారు. ఈ లెక్క మీవాడికి చెప్పి చూడండి. ఒప్పుకోడులెండి.