ఓమీ దీవికి సైకిల్ మీద వెళ్తే ఎంతవుతుంది?

తమ్ముడూ, ఐర్లండ్‌లో గాల్వే వచ్చి నెల కూడా కాలేదు, అప్పుడే ఓమీ దీవి చూడ్డానికి సైకిల్ కొననా అని అడుగుతున్నావు. కొనకు. దీవికి దగ్గర్లో ఉన్న క్లిఫ్డెన్ ఊరి దాకా బస్సెక్కి, అక్కడ అద్దెకు తీసుకో. ఆ 80 కిలోమీటర్లూ ఎదురుగాలిలో తొక్కుతానంటే మోకాళ్లు నీవి, నీ ఇష్టం.

2009 జూన్‌లో నేనూ నీలాంటివాణ్ణే. ప్రతి యూరోనీ 65తో గుణించి చూసుకునేవాణ్ణి. సైకిల్ లైటుకి వేరే డబ్బులంటే వద్దన్నాను. పగలే కదా అని!

క్లిఫ్డెన్ నుంచి క్లాడాడఫ్ ఊరు పది, పదకొండు కిలోమీటర్లు. అక్కడి నుంచి ఓమీకి వంతెన లేదు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఇసుకే రోడ్డు, దారి తెలియడానికి గుంజలు పాతి ఉంటాయి. కార్లు కూడా పోతుంటాయి. కాకినాడవాణ్ణి, నాకు సముద్రం కొత్తా అనుకుని పోటు ఎప్పుడో ఎవర్నీ అడగలేదు. మన తీరంలో నీళ్లు లేచేది మీటరు, మీటరున్నర. ఇక్కడ పున్నమికీ అమావాస్యకీ నాలుగు మీటర్ల దాకా లేస్తాయి.

దీవిలో చెరువు పక్కన కూర్చుని పులిహోర తిన్నాను. ఇసుకలోంచి తవ్వి తీసిన ఫేహిన్ సన్యాసి చర్చి శిథిలాలు చూశాను. బాగుంటాయి, చూడు. మూడున్నరకి వెనక్కి వస్తే దారి లేదు, గుంజల చుట్టూ నీళ్లే. మళ్లీ ఇసుక బయటపడేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటింది. జూన్ కాబట్టి ఇంకా వెలుతురుంది గానీ సగం దారిలోనే చీకటి పడింది. లైటు లేదు. మిగతా దారంతా సైకిల్ నడిపించుకుంటూ వచ్చాను. బస్సు ఎప్పుడో పోయింది. గదికి 45 యూరోలు! నాకు పరుపు మీద నిద్ర పడితే ఒట్టు. ఇంట్లో చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు.

నువ్వు మాత్రం పోటు వేళలు ముందే చూసుకో. ఫోన్లోనే దొరుకుతాయి, మీకన్నీ సుఖాలే. ఊళ్లోనూ ఒకసారి అడుగు, అడిగితే డబ్బులేం తీసుకోరు. నీళ్లు తగ్గుతుండగా వెళ్లి, మళ్లీ పెరగకముందే వచ్చెయ్. రాత్రి లైటు తప్పనిసరి, మిగతా రూల్స్ నువ్వే చదువుకో.

సైకిల్ తిరిగి ఇచ్చేముందు చైన్ మంచినీళ్లతో కడిగి తుడువు. ఉప్పునీళ్లు తగిలిందని నా డిపాజిట్‌లో 15 యూరోలు కోసేశారు.