మంచు తుపాను రాత్రి అట్లకాడే దిక్కయింది

విపరీతంగా మంచు కురిసే ఊళ్లలో జనం ఎలా నెట్టుకొస్తారు, పూర్వం కంటే ఇప్పుడు సులువేనా అని అడిగారు. సులువేం కాదు. సులువనుకోవడం వల్లే ఇప్పుడు ఎక్కువమంది ఇరుక్కుంటున్నారని నా గట్టి నమ్మకం.

మేముండేది న్యూయార్క్ రాష్ట్రంలో, ఈరీ సరస్సు ఒడ్డున బఫెలోలో. 2022 డిసెంబరు 23, శుక్రవారం. తుపాను వస్తోందని ముందు నుంచీ ఫోన్లు మొత్తుకుంటూనే ఉన్నాయి. అయినా పొద్దున్నే పాలకని కారు తీశాను. వీధి చివరికి వెళ్లేసరికి నా కారు బానెట్టే నాకు కనపడలేదు. ఎలా వెనక్కి వచ్చానో ఆ దేవుడికే తెలియాలి.

రాత్రి హీటర్ ఆగిపోయింది. కరెంటు ఉంది, వేడి లేదు. పక్కింటి పెద్దాయనకి ఫోన్ చేస్తే, "హీటర్ పొగ బయటికి పోయే పైపు మూసుకుపోయి ఉంటుంది, అందుకే ఆగింది, చూడు" అన్నాడు. ఆయనది పాత ఇల్లు, పొగ కప్పు మీది చిమ్నీలోంచి పోతుంది. మాది కొత్త రకం, గోడలోంచి తెల్లటి ప్లాస్టిక్ గొట్టం, అదీ నేలకి రెండడుగుల ఎత్తులో! ఈ డిజైన్ చేసినవాడు జన్మలో మంచు చూసుండడు.

తలుపు తీస్తే ఎదురుగా ఛాతీ ఎత్తు మంచు గోడ. దాని మీద మా తలుపు నగిషీ, గుండ్రటి హ్యాండిల్ గుంటతో సహా అచ్చు పడి ఉంది. పార చూస్తే పెరట్లో షెడ్డులో. చివరికి వంటింటి కిటికీలోంచి దిగి, గోడ పట్టుకుని నడిచి, అట్లకాడతో ఆ గొట్టం గీకాను. లోపల మంచు కొబ్బరి చెక్కంత గట్టిగా ఉంది. మా ఆవిడ కిటికీలోంచి టార్చి పట్టుకుని ఒకటే తిట్లు. కాసేపటికి హీటర్ బుర్రుమంది.

పెద్దాయన 1977 తుపాను కూడా చూశాడు. జనవరి 28, అదీ శుక్రవారమే. అప్పుడు కొత్తగా కురిసింది అడుగు మంచేనట. గడ్డకట్టిన సరస్సు మీద అంతకుముందే పేరుకున్నదంతా గాలి ఊళ్లోకి ఊడ్చి పోసింది. ఆఫీసులకి వెళ్లినవాళ్లు అక్కడే పడుకున్నారు. ఆ తుపానులో 20 మందికి పైగా పోయారు. 2022లో సరస్సు గడ్డకట్టలేదు. చల్లగాలి ఆ నీళ్ల మీది ఆవిరంతా లాక్కొచ్చి నాలుగడుగులకి పైగా కురిపించింది. మంచు తోసే బళ్లూ ఫైరింజన్లూ కూడా దిగబడిపోయాయి. 40 మందికి పైగా పోయారు. మరి ఇన్ని యాప్‌లుండి ఏం లాభం?

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఫేస్‌బుక్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లు ఒకరికొకరు మందులు, పాలడబ్బాలు చేరవేసుకున్నారు. అదే సమయానికి మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒకాయన దోసె పిండి ఎవరి దగ్గరుందని ఆరా. హైదరాబాద్ నుంచి మా తమ్ముడేమో "అన్నయ్యా, ఒక వీడియో పెట్టవా"!

మమ్మల్ని గట్టెక్కించింది బియ్యం బస్తా, కందిపప్పు, అమ్మ పంపిన ఆవకాయ. ఏడాది సరుకు ఇంట్లో పెట్టుకునే మనవాళ్ల పద్ధతిని ఇక్కడ నేనూ వెక్కిరించినవాణ్ణే.

ఇప్పుడు నవంబరు వచ్చిందంటే పార హాల్లోనే ఉంటుంది. చుట్టాలొస్తే మా ఆవిడ దాని మీద దుప్పటి కప్పుతుంది.