ఆ పిలుపు ఎవరిదో ఎలా తెలుస్తుంది?

అందరికీ వందనాలు. ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు దేవుని స్వరాన్ని ఎలా గుర్తుపట్టాలన్న ఒకే విషయం చుట్టూ తిరిగాయి, అందుకే వాటిలో నాలుగింటిని ఒకచోట పెట్టి జవాబు రాస్తున్నాను. మొదటిదానికి జవాబు పొడవుగా వచ్చింది, అది తగ్గించడం నాకు చేతకాలేదు.

ప్రశ్న: అక్కా, రోజూ పొద్దున అరగంట ప్రార్థనలో కూర్చుంటాను. కళ్ళు మూసుకున్న రెండు నిమిషాలకే ఆఫీసు పని, కట్టాల్సిన అప్పు, ఫోన్‌లో చదవని మెసేజ్‌లు అన్నీ గుర్తొస్తాయి. సంఘంలో సాక్ష్యం చెప్పేవాళ్ళు "దేవుడు నాతో మాట్లాడాడు" అంటుంటే నాకు మాత్రం ఏ స్వరమూ వినబడదు, ఏ ప్రత్యేకమైన అనుభూతీ కలగదు. ఇప్పుడు రెండు ఉద్యోగాల్లో ఏది ఎంచుకోవాలో తేలక టెన్షన్‌గా ఉంది. ఏది దేవుని నడిపింపు, ఏది నా సొంత ఆలోచన అని ఎలా తెలుసుకోవాలి?

జవాబు: తమ్ముడూ, సమూయేలు మొదటి గ్రంథం 3వ అధ్యాయం నువ్వు చిన్నప్పటి నుంచి విన్నదే అయినా ఈ వారం ఇంకోసారి నెమ్మదిగా చదువు. మందిరంలో పడుకున్న పిల్లవాడు సమూయేలుకు తన పేరు పెట్టి ఎవరో పిలిచినట్టు వినబడింది, లేచి యాజకుడైన ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. ఏలీ నేను పిలవలేదు, వెళ్ళి పడుకో అన్నాడు. ఇలా మూడుసార్లు జరిగింది. చదివిన ప్రతిసారీ నేను అక్కడే ఆగిపోతాను, ఎందుకంటే ఆ స్వరం వినగానే వాడికి ఏలీయే గుర్తొచ్చాడంటే అందులో ఉరుము లేదు, ఒళ్ళు జలదరించేదేమీ లేదు, రోజూ పిలిచే ఇంటి మనిషి పిలిచినట్టే ఉండి ఉంటుంది. మందిరంలోనే పెరుగుతున్న పిల్లవాడు, అయినా పోల్చుకోలేకపోయాడు. వాడికి ఇంకా దేవుని పరిచయం కాలేదని 7వ వచనంలో రాసే ఉంది. అందుకు దేవుడు విసుక్కోలేదు, నాలుగోసారి కూడా వచ్చి నిలబడి పేరు పెట్టి పిలిచాడు. కాబట్టి నీకు ఇంతవరకు వినబడలేదంటే నిన్ను వదిలేశాడని అనుకోకు. ఏదో వింత శబ్దం కోసం చెవులు రిక్కించి కూర్చుని, మామూలుగా వస్తున్న పిలుపును నువ్వు దాటేస్తున్నావేమో అని నాకు అనిపిస్తోంది.

యేసు ప్రభువు "నా గొఱ్ఱెలు నా స్వరము వినును" అన్నాడు, యోహాను 10వ అధ్యాయంలో. గొర్రెకు ఎవరూ పాఠం చెప్పరు, రోజూ ఆ కాపరి వెంట తిరిగి తిరిగి దానికి ఆ గొంతు తెలిసిపోతుంది, పరాయివాడు పిలిస్తే రాదు. మీ అమ్మ కొత్త నంబరు నుంచి ఫోన్ చేసినా "హలో" అనగానే నీకు తెలుస్తుంది కదా. నిజంగా అమ్మేనా అని పరీక్షలు పెట్టవు. ఎప్పుడో ఒకసారి కలిసిన మనిషి అయితే పేరు చెప్పినా వెంటనే తట్టదు. దేవుని స్వరం విషయంలో నాకు తెలిసిన రహస్యం ఈ పరిచయమే, ఇంతకంటే పెద్ద కిటుకు ఏదైనా ఉందని ఎవరైనా చెప్తే నేను నమ్మను. మార్కు సువార్త 16 అధ్యాయాలే, తీసుకుని యేసు మనుషులతో ఎలా మాట్లాడాడో గమనిస్తూ చదువు. ఎంతమందిని ప్రశ్న అడిగాడో చూడు, తప్పును తప్పని పేరు పెట్టి చెప్పినా ఆ మనిషిని ఎలా నిలబెట్టాడో చూడు, ఎవరు తొందరపెట్టినా తను ఎలా తొందరపడలేదో చూడు. కొన్నాళ్ళకు "నువ్వు దేనికీ పనికిరావు, ఇప్పుడే ఈ క్షణమే నిర్ణయించకపోతే అంతా అయిపోయినట్టే" అని లోపల ఎవరైనా అరుస్తుంటే, ఈ గొంతు ఆయనది కాదే అని నీకే తెలుస్తుంది. దేవుడు పాపాన్ని ఒప్పించేటప్పుడు ఫలానా పని, ఫలానా మాట అని చూపించి తిరిగి రమ్మంటాడు. నేరం మోపే సాతాను ఏదీ చూపించకుండా మొత్తం మనిషినే కొట్టిపారేస్తాడు.

ఇక ప్రార్థనలో వచ్చే ఆలోచనల సంగతి. నాకు జరిగింది చెప్తాను. కొన్నేళ్ళ క్రితం ఉద్యోగం మానేయాలా వద్దా అని తెల్లవారుజామున ప్రార్థన పెట్టుకున్నాను. కూర్చున్న ప్రతిసారీ మా ఆడపడుచు ముఖం కళ్ళ ముందుకొచ్చేది. ఆస్తి పంపకాల దగ్గర మాటా మాటా పెరిగి రెండేళ్ళుగా మా మధ్య మాటల్లేవు. ఇదంతా పరధ్యానం అనుకుని "ప్రభువా, ఈ ఆలోచన తీసెయ్, నాతో ఉద్యోగం గురించి మాట్లాడు" అని రెండు వారాలు ప్రార్థించాను. ఒకరోజు మత్తయి 5వ అధ్యాయం చదువుతుంటే 23వ వచనంలో ఒక చిన్న మాట పట్టుకుంది: అర్పణ తెచ్చినప్పుడు నీ సహోదరునికి నీమీద విరోధం ఉందని "అక్కడ" నీకు జ్ఞాపకం వస్తే, అంటాడు యేసు. అక్కడ అంటే బలిపీఠం దగ్గర, అంటే నేను కూర్చున్న చోటే. రెండు వారాలుగా ఆయన చెప్తున్నదాన్నే నేను గద్దిస్తూ కూర్చున్నాను. ఫోన్ తీసి ఆమె పేరు మీద వేలు పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. వేలికి చెమట పట్టి స్క్రీన్ కదల్లేదు, కొంగుతో తుడిచి మళ్ళీ నొక్కాను. నాలుగో రింగుకు ఎత్తింది గాని ఏమీ అనలేదు, అవతల ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు మాత్రం వినబడుతోంది. కాసేపటికి "వదినా" అంది. అంతే, ఇద్దరం ఏడ్చేశాం. ఉద్యోగం సంగతి ఆ రోజు తేలలేదు, ఇంకో ఎనిమిది నెలలు అక్కడే చేశాను.

అందుకని, గుర్తొచ్చిన ప్రతిదాన్నీ శత్రువులా తరిమేయొద్దు. పక్కన ఒక కాగితం పెట్టుకో. ఆఫీసు పని గుర్తొస్తే రాసి పక్కన పెట్టు, అది తర్వాత చూసుకోవచ్చు. అప్పు గుర్తొస్తే దాన్నే ప్రార్థనగా మార్చు, నీకు భారంగా ఉన్నది ఆయన దగ్గర దాచడమెందుకు? మనిషి గుర్తొస్తే మాత్రం ఆగి అడుగు, ఈ మనిషి విషయంలో నేను చేయాల్సింది ఏమైనా ఉందా అని. ఫోన్ ఇంకో గదిలో ఉండాలి. ఇది ఆత్మీయ సలహా కాకపోవచ్చు గాని అది పక్కనే ఉన్నంతసేపు మనసు సగం అక్కడే ఉంటుంది, నాకైతే ఉంటుంది.

ఇప్పుడు ఉద్యోగాలు. రెండిటిలో ఒకటి నిన్ను అబద్ధం ఆడమనేది గాని, ఇంటివాళ్ళను పూర్తిగా పక్కన పెట్టమనేది గాని అయితే దానికి వేరే స్వరం అక్కర్లేదు, వాక్యం ముందే మాట్లాడేసింది. రెండూ నిజాయితీగల పనులే అయితే ఇంత భయం ఎందుకు? ఏదెను తోటలో ఆదాముతో దేవుడు మొదట చెప్పింది ప్రతి చెట్టు ఫలమూ నిరభ్యంతరంగా తినవచ్చని, కూడదన్నది ఒక్క చెట్టునే. ఏ పూట ఏ చెట్టు దగ్గరికి వెళ్ళాలో చెప్పలేదు, ఆ స్వేచ్ఛ కూడా ఆయన ఇచ్చిందే. అపొస్తలుల కార్యములు 16లో పౌలు బృందం అప్పటి రోమా రాష్ట్రమైన ఆసియాలో వాక్యం చెప్పాలనుకుంటే ఆత్మ ఆటంకపరచింది, బితూనియ వెళ్ళాలని చూస్తే అదీ కుదరలేదు, త్రోయకు వచ్చాక రాత్రి దర్శనంలో మాసిదోనియ మనిషి కనబడ్డాడు. అప్పుడు కూడా అందరూ కలిసి ఆలోచించి, దేవుడు మమ్మల్ని అక్కడికి పిలిచాడని నిశ్చయించుకుని బయల్దేరారు. ఆగిపోయిన దారులు, ఒక దర్శనం, నలుగురి ఆలోచన, ఇవన్నీ కలిస్తే అది నడిపింపు అయింది. అంత స్పష్టంగా పిలుపు విని వెళ్ళినవాళ్ళకు మాసిదోనియలోని ఫిలిప్పీలో దొరికింది దెబ్బలు, చెరసాల. అందుకే కొత్త ఉద్యోగంలో మొదటి నెలలోనే కష్టం వస్తే నేను తప్పుగా విన్నానేమో అని మళ్ళీ మొదటికి రాకు.

ఒక్కడివే తేల్చుకోకు కూడా. సమూయేలుకు ఆ స్వరం దేవునిదని చెప్పింది ఏలీ. కళ్ళు మసకబారినవాడు, సొంత కొడుకులనే అదుపు చేయలేనివాడు, అయినా ఆ రాత్రి ఆ పిల్లవాడికి కావలసిన మాట ఆయన దగ్గరే ఉంది. నీకు నచ్చని జవాబైనా మొహం మీద చెప్పగల పెద్దవాళ్ళు ఒకరిద్దరు నీకూ ఉండే ఉంటారు, వాళ్ళ దగ్గరికి వెళ్ళు.

ప్రశ్న: ప్రార్థన కూడికకు వచ్చే ఒక విశ్వాసి "దేవుడు నాకు చూపించాడు, నువ్వు ఈ సంబంధం ఒప్పుకోవాలి" అని నాతో చెప్పారు. అబ్బాయితో మాట్లాడాను, నాకు మనసు ఒప్పలేదు. కాదంటే దేవునికి అవిధేయురాలిని అవుతానని భయంగా ఉంది, నిద్ర పట్టట్లేదు.

జవాబు: తల్లీ, భయపడకు. దేవుడు నీతో చెప్పాల్సిన మాటను నీకు తెలియకుండా ఇంకొకరి చేతికిచ్చి దానితో నిన్ను బెదిరించడు. ఆ మనిషిని అబద్ధికురాలు అనను, నీ మేలు కోరే చెప్పి ఉండవచ్చు. కానీ మంచి మనసుతో కూడా పొరపాటు పడతాం. దావీదు మందిరం కట్టాలనుకున్నప్పుడు నాతాను అంతటి ప్రవక్త "నీ మనసులో ఉన్నదంతా చెయ్యి, దేవుడు నీకు తోడుగా ఉన్నాడు" అనేశాడు, ఆ రాత్రే దేవుడు ఆయన్ని సరిదిద్దాడు. తనకు మంచిదనిపించిందాన్ని దేవుని మాట అనుకున్నాడు, తెల్లవారాక వెళ్ళి మాట మార్చుకోవడానికి సిగ్గుపడలేదు. రాజుల మొదటి గ్రంథం 13లో ముసలి ప్రవక్త అయితే దేవదూత చెప్పాడని అబద్ధమే ఆడి ఒక దైవజనుణ్ణి వెనక్కి తిప్పాడు, అది నమ్మి వెళ్ళినవాడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇంకొకటి, అగబు నిజమైన ప్రవక్తే, యెరూషలేములో పౌలును బంధిస్తారని అతను చెప్పింది నిజమే అయింది. అది విని అక్కడున్న వాళ్ళంతా వెళ్ళొద్దని ఏడ్చి బతిమాలారు. పౌలు వెళ్ళాడు. ఏం జరగబోతుందో అగబు చెప్పాడు, ఏం చేయాలన్నది పౌలు ప్రభువు దగ్గర ముందే తేల్చుకున్నాడు.

సమస్తాన్ని పరీక్షించి మేలైనదాన్ని చేపట్టమని 1 థెస్సలొనీకయులకు 5లో ఉంది, పరీక్షించడం అవిధేయత అయితే ఆ ఆజ్ఞే ఉండేది కాదు. యాకోబు 3:17 కూడా చదువు. పైనుంచి వచ్చే జ్ఞానం పవిత్రమైనది, సమాధానకరమైనది, మృదువైనది అని ఉంది. నిన్ను నిద్రపోనివ్వకుండా గొంతు పట్టుకున్న ఈ భయానికి ఆ గుణాల్లో ఒక్కటైనా ఉందా చూడు. "మీరు ప్రార్థించినందుకు వందనాలు, నాకు మాత్రం మనసు ఒప్పలేదు" అని ఆమెతో చెప్పెయ్, అంతకంటే సంజాయిషీ అక్కర్లేదు. ఇంట్లో ఒత్తిడి పెరిగితే మీ పాస్టర్ గారిని గాని, పాస్టరమ్మ గారిని గాని కూర్చోబెట్టి మాట్లాడించు.

ప్రశ్న: కళ్ళు మూసుకుని బైబిల్ తెరిచి వేలు పెట్టిన వచనాన్ని దేవుని జవాబుగా తీసుకోవచ్చా?

జవాబు: అలవాటుగా వద్దండీ. తొలినాటి సంఘ బోధకుడు అగస్టీను జీవితం 386లో మిలాన్ తోటలో అలాగే మారిందని మీకు ఎవరైనా చెప్పవచ్చు, అది నిజమే. తీసి చదువు అని పిల్లల గొంతు విని ఆయన పుస్తకం తెరిస్తే రోమా 13వ అధ్యాయంలోని మాటలు కంటబడ్డాయి. కానీ ఆ మాటలు ఆయనకు కొత్త సమాచారం ఏమీ ఇవ్వలేదు, ఏళ్ళ తరబడి తెలిసి కూడా వాయిదా వేస్తున్న దాని దగ్గరకే తీసుకొచ్చాయి. మనం వేలు పెట్టేది ఎక్కువగా ఇష్టమైన జవాబు దొరికేదాకా, మొదటిది నచ్చకపోతే ఇంకో పేజీ తిప్పుతాం. సాతాను కూడా యేసుతో 91వ కీర్తనలోని వచనమే చెప్పాడు, ముందూ వెనకా వదిలేసి. ఒక పుస్తకం మొదలుపెట్టి వరసగా చదవండి, చదువుతున్న చోటే దేవుడు ఆపుతాడు.

ప్రశ్న: అక్కా, మా ఆయన పక్షవాతంతో మంచంలో ఉన్నారు. రాత్రి రెండు మూడుసార్లు లేచి పక్కకు తిప్పాలి. ఏకాంత ప్రార్థన అనేది నా జీవితంలో లేకుండా పోయింది. బైబిల్ తెరిస్తే నిద్ర ముంచుకొస్తుంది. ఇలా ఉంటే దేవుని స్వరం నాకెలా వినిపిస్తుంది?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయానమ్మా. ఏలీయా ప్రవక్తకు హోరేబు కొండ మీద గాలి తర్వాత, భూకంపం తర్వాత, అగ్ని తర్వాత "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము" వినబడిందని మనం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఆ కొండకు చేరకముందు ఏం జరిగిందో మాత్రం ఎవరూ అంతగా చెప్పరు. చచ్చిపోతే బాగుండునని ఒక చెట్టు కింద పడి నిద్రపోయాడు. దేవదూత వచ్చి తట్టి లేపి తినమన్నాడు, తిని మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారి తట్టి, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది, లేచి తిను అన్నాడు. ఎందుకు ప్రార్థించట్లేదని అడగలేదు, గద్దింపు ఒక్కటీ లేదు. రొట్టె, నీళ్ళు, నిద్ర. ఆ తర్వాత నలభై రోజులు నడిచాక గాని ఆ మెల్లని స్వరం రాలేదు.

మీకు నిద్ర ముంచుకొస్తే అది పాపం కాదమ్మా. ఒక్క వచనం పెద్ద అక్షరాలతో రాసి ఆయన మంచం దగ్గర గోడకు అంటించండి, రాత్రి తిప్పడానికి లేచినప్పుడు పైకే చదవండి, ఆయనకూ వినబడుతుంది. సంఘంలో మీకు దగ్గరగా ఉన్నవాళ్ళలో ఒకరిని ఈ వారం ఒక్క రాత్రి ఆయన పక్కన పడుకోమని అడగండి, మొహమాటపడకుండా అడగండి. ఆ రాత్రి బైబిల్ తియ్యొద్దు, తెల్లారేదాకా నిద్రపోండి.