లో కార్బ్‌లో రోజుకు 100 గ్రాముల కొవ్వు తినాల్సిందేనా?

లో కార్బ్ డైట్‌తో, అంటే అన్నం, చపాతీ లాంటి పిండి పదార్థాలు బాగా తగ్గించి, రెండు నెలల్లో ఏడు కిలోలు తగ్గి, నెల రోజులుగా అక్కడే ఆగిపోయానని మీరు నాకు రాశారు. రోజుకు 100 గ్రాముల కొవ్వు లెక్క పూర్తి చేయడానికి ఆకలి లేకపోయినా కొబ్బరి నూనె తాగుతున్నానన్నారు. ముందు ఆ నూనె తాగడం ఆపండి.

2018లో నేనూ ఇదే చేశాను. అప్పట్లో వీరమాచనేని రామకృష్ణ గారి లో కార్బ్ డైట్ మా వీధిలో ఎవరి నోట విన్నా అదే: రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, నాలుగు లీటర్ల నీళ్లు, నిమ్మకాయలు. మా వారికి షుగర్ ఉండటంతో ఇద్దరం కలిసి మొదలుపెట్టాం. మొదటి రెండు వారాల్లో బరువు గబగబా దిగింది. అందులో చాలావరకు నీరేనని తర్వాత తెలిసింది. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్, అంటే చక్కెర నిల్వ, ఖర్చయితే దాంతోపాటు ఉన్న నీరూ పోతుంది. ఆ తర్వాత ముల్లు కదల్లేదు. కొవ్వు చాలడం లేదేమోనని కాఫీలో వెన్న కూడా వేసుకున్నాను.

ఒకరోజు అనుమానం వచ్చి, నేను ఒక చెంచా కింద లెక్కేసే పోపు గరిటెలో నెయ్యి పోసి తూచాను. 24 గ్రాములు! నేను రోజూ రాసుకుంటున్నది 14. అలాంటివి రోజుకు మూడు. పైగా గుడ్డుకు 5 గ్రాములు, గుప్పెడు వేరుశనగ గుళ్లకు 15, పనీరు, కొబ్బరి, ఇవేవీ లెక్కలోనే లేవు. అన్నీ కూడితే 150 దాటింది. గ్రాముకు 9 కేలరీల చొప్పున కొవ్వుతోనే 1,350. ఇక ఒంట్లో పేరుకున్నది కరగాల్సిన అవసరమేముంది? పైనుంచి పోస్తున్నదే సరిపోయింది.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. ముందు ప్రొటీన్. నాకు ఉండాల్సిన బరువు 58 కిలోలు, కిలోకు 1.2 గ్రాముల లెక్కన రోజుకు 70 గ్రాములు. గుడ్లు, చికెన్, చేపలతో అది పూర్తి చేసి, ఆకుకూరలు, కూరగాయలు తింటాను. కొవ్వు కూర రుచిగా ఉండటానికి ఎంత కావాలో అంతే. అప్పటికీ ఆకలి తీరకపోతే ఇంకో చెంచా. అలా కొవ్వు 60, 65 గ్రాముల దగ్గర కుదిరింది, బరువు మళ్లీ దిగడం మొదలైంది. కోరుకున్న బరువుకు వచ్చాక కొవ్వు కొంచెం పెంచుకున్నాను.

రోజు తినే కేలరీల్లో కొవ్వు 70, 80 శాతం ఉండాలనే మాట మీరూ వినే ఉంటారు. అది కీటో డైట్ లెక్క. పిండి పదార్థాలు చాలా తక్కువగా, కొవ్వు చాలా ఎక్కువగా ఉండే ఆ డైట్ 1920లలో మూర్ఛ జబ్బుకు వైద్యంగా పుట్టింది. అక్కడ కొవ్వు నుంచి ఒంట్లో తయారయ్యే కీటోన్లే మందు, కాబట్టి కొవ్వు అంత ఉండాలి. మనకు కావాల్సింది బరువు తగ్గడం.

అలాగని నూనె పూర్తిగా మానేయకండి. అన్నమూ లేక, కొవ్వూ లేకపోతే నాలుగు రోజుల్లో నీరసం వచ్చి అన్నం గిన్నె దగ్గరికే వెళ్తాం. బరువు వేగంగా తగ్గుతున్నప్పుడు కొవ్వు మరీ తక్కువైతే పిత్తాశయంలో రాళ్లు వచ్చే ప్రమాదమూ ఉంది.

షుగర్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పకుండా ఒక్కరోజు కూడా ఈ డైట్ చేయకండి. మా వారు గ్లిమెపిరైడ్ వేసుకునేవారు. మూడో రాత్రి చెమటలు పట్టి లేచారు, చూస్తే షుగర్ 58. మర్నాడే డాక్టరు మాత్ర తగ్గించారు. రక్తంలో కొవ్వులు చూసే లిపిడ్ ప్రొఫైల్ పరీక్ష కూడా చేయించుకోండి. నాకు ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, పెరిగితే వెన్న మానేసి, నెయ్యి తగ్గించి, నువ్వుల నూనెకు మారాను.

ఈ రోజే మీ పోపు గరిటె తూచి, ఎంత వచ్చిందో రాయండి. మిగతా లెక్క కలిసి చూద్దాం.