బాక్సర్ ప్రేమకథ రాస్తున్న మా అమ్మలుకి

చిరంజీవి అమ్మలుకి పిన్ని ఆశీస్సులు.

నీ కథ చదివాను. మన విశాఖలో జాలారిపేట అమ్మాయి, కంచరపాలెం అబ్బాయి, మధ్యలో కులం. చదివిస్తుంది. కానీ నీ హీరోయిన్‌ని బాక్సర్ కాకుండా నర్సుని చేసినా పెద్దగా ఏమీ మార్చక్కర్లేదే! తండ్రి గదిలో పెట్టి తాళం వేసే సీను తీసెయ్. మూడేసి నిమిషాల రౌండ్లు మూడు, దెబ్బలు కాచుకుంటూ నిలబడే పిల్ల గొళ్ళెం పడగానే ఏడుస్తూ కూర్చుంటుందా?

ఆ పిల్లకి నాన్న కంటే గట్టి కాపలా వేయింగ్ మెషిన్. బౌట్, అంటే రింగ్‌లో పోటీ, ఉన్న రోజు పొద్దున్నే తూకం చూస్తారు. తన బరువు కేటగిరీ దాటి తూగితే ఆడనివ్వరు. ముందురోజు సాయంత్రం ఆర్కే బీచ్‌లో అబ్బాయి ప్రేమగా మురీ మిక్చర్ పొట్లం చేతిలో పెట్టాడనుకో. వద్దంటే నొచ్చుకుంటాడు, తింటే తెల్లారేసరికి టెన్షన్. నీళ్ళు కూడా గుక్కలు లెక్కపెట్టుకుని తాగే పిల్లకి ఆ పూట ఎవరిమీదా ప్రేమ పుట్టదు, చిరాకు పుడుతుంది. ఆ చిరాకు రాయి. మన కథల్లో ప్రేమలో పడ్డ ఆడవాళ్ళకి ఆకలెందుకు వెయ్యదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కేజీల్లో ప్రపంచ ఛాంపియన్ అయింది. ప్యారిస్ ఒలింపిక్స్‌లో ఆ కేటగిరీ లేదు కాబట్టి 50కి దిగి, 2023లో ఢిల్లీలో మళ్ళీ గెలిచింది. ఆ రెండు కేజీల కోసం ఎన్ని భోజనాలు వదులుకుని ఉంటుందో ఊహించు. నిజామాబాద్ అమ్మాయే అయినా 2009లో మన విశాఖ సాయ్ (కేంద్ర ప్రభుత్వ క్రీడా సంస్థ) సెంటర్లో ద్రోణాచార్య అవార్డు పొందిన ఐ.వి. రావు గారి దగ్గర నేర్చుకుంది. కాబట్టి నీ కథలో ట్రైనింగ్ క్యాంపు కోసం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. నిజం మనుషుల ప్రేమల జోలికి మాత్రం పోకు.

కోచ్‌నే ప్రేమికుణ్ణి చేద్దామా అన్నావు. టీములో ఎవరుండాలో తేల్చేదీ, కార్నర్‌లో నీళ్ళందించేదీ ఆయనే అయితే ఆ పిల్ల కాదని ఎలా అంటుంది? పద్దెనిమిది నిండకపోతే అది పోక్సో కేసు, ప్రేమకథ కాదు. నిండినా, ఆయన పెత్తనం గురించి రాయగలిగితేనే రాయి.

నన్నడిగితే, అదే హాస్టల్లో, అదే వెయిట్‌లో ఉన్న ఇంకో అమ్మాయిని ఇష్టపడనీ. 2018లో సుప్రీంకోర్టు సెక్షన్ 377 మీద తీర్పు ఇచ్చాక, పెద్దవాళ్ళు ఇష్టపడి కలిస్తే అది నేరం కాదు. కానీ హాస్టల్ వార్డెన్ దాకా, పేటలో అమ్మలక్కల దాకా ఆ తీర్పు ఎక్కడ చేరిందీ! పైగా పోటీకి ఆ వెయిట్‌లో ఒక్కర్నే పంపుతారు. సెలక్షన్ బౌట్‌లో ఇద్దరూ ఎదురుపడతారు. అలసిపోతే అవతలి పిల్ల ఎడమచెయ్యి కిందికి జారుతుందని దీనికి తెలుసు. రాత్రి భుజానికి నొప్పి మందు రాసింది ఇదే మరి. ఆ సందు దొరికినప్పుడు కొడుతుందా? కొట్టకపోతే అవతలి పిల్ల క్షమిస్తుందా? నాకు తెలిసి క్షమించదు. ఇక విలన్ ఎందుకే నీకు?

ఇంకోటి. ఈ పోటీల్లో ఆడపిల్లలకి హెడ్‌గార్డ్ ఉంటుంది, గాలికి ఎగిరే ముంగురులు కొట్టెయ్.

దసరా లోపు తిరగరాసి పంపు. క్లైమాక్స్ బీచ్‌లో పెట్టావంటే చదవను.

మీ పిన్ని