చెల్లు వేస్తానని క్లయింటు వస్తే

అమ్మాయ్,

కావలిలో సొంతంగా ఆఫీసు తెరిచావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. వాయిదాలూ ఫీజులూ నీకే తెలిసొస్తాయి. క్లయింటు రహస్యం గురించి మాత్రం నాలుగు ముక్కలు రాస్తున్నా.

మన వైపు కొత్త ప్లీడరుకు ముందు దొరికేవి ప్రోనోటు దావాలే. నోటుకు మూడేళ్లు దాటి, దావా గడువు అయిపోయాక ఒకాయన వస్తాడు. దాన్ని వెనక్కి తిప్పి, "ఇక్కడ పాత తేదీతో, బాకీవాడు ఐదొందలు కట్టినట్టు చెల్లు వేసి వాడి సంతకం నేనే గీకేస్తా, గడువు పెరుగుతుంది, దావా వెయ్యమ్మా" అంటాడు, స్టాంపు అంటించినంత తేలిగ్గా. ఆ మాటకు చట్టం రక్షణ లేదు, నేరానికి నీ సాయం అడుగుతున్నాడు గనక. అదే మనిషి దొంగ చెల్లు ఎప్పుడో వేసేసి, కేసులో ఇరుక్కుని, "వేసింది నేనే, నా తరఫున వాదించండి" అన్నాడనుకో, అది నీ కడుపులోనే ఉండాలి. కేసు ముగిసినా, అతను వేరే ప్లీడరు దగ్గరికి పోయినా సరే. ఈ నియమం ఇదివరకు ఎవిడెన్స్ యాక్టు 126వ సెక్షన్. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 132.

ఇంకో చిక్కుంది. కేసు ఒప్పుకున్న రోజు నోటు వెనక ఖాళీగా ఉంది, వారం తర్వాత చూస్తే చెల్లు ఉంది. అలా నీ కళ్లబడ్డ మోసానికీ ఆ రక్షణ లేదు. అందుకే మొదటి రోజే రెండు వైపులా జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టు.

రక్షణ లేదు అంటే స్టేషనుకు పరిగెత్తమని కాదు. కేసు పట్టనని చెప్పు. అప్పటికే వకాల్తా వేసుంటే, ముందుగా నోటీసిచ్చి, చెయ్యని పనికి తీసుకున్న ఫీజు తిరిగిచ్చి తప్పుకో. నేరం ఒప్పుకున్నవాడి తరఫున వాదించొచ్చు, దొంగ సాక్షిని మాత్రం బోనెక్కించకూడదు.

గుమస్తాకూ ఇదే సెక్షన్ వర్తిస్తుందని అతనికి చెప్పు, వాళ్లకు టీకొట్టు దగ్గర నోరు ఆగదు. మీ అమ్మ కూడా అడుగుతుంది, చెప్పకు.

క్లయింటు సంగతులు చెప్పమని పోలీసులు పిలిస్తే టెన్షన్ పడకు. ఈ 132లో రక్షణ లేదని పైన చెప్పిన మినహాయింపుల్లోకి వస్తే తప్ప వకీలుకు సమన్లు ఇవ్వకూడదనీ, ఇచ్చినా ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి అనుమతి ఉండాలనీ సుప్రీంకోర్టు 2025 అక్టోబరు 31న చెప్పింది. అలాంటి కాగితం వస్తే, జవాబు రాసే ముందు నాకు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న,
ఒంగోలు